నాయుడుగారి సంగటి, రాజమ్మ పథ్యం

ఇప్పుడు డాక్టరీ చదివి ఈ వృత్తిలోకి వచ్చే ఆడపిల్లలు నా దగ్గరికి వస్తే కత్తెరల గురించి, కుట్ల గురించి, కష్టమైన కాన్పుల గురించి అడుగుతారు. అడ్డం తిరిగిన బిడ్డను ఎట్లా తిప్పారు, రక్తం ఆగకపోతే ఏం చేశారు అని. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, చదువుకోండి. చిత్తూరు జిల్లా పల్లెల్లో నా ఉద్యోగంలో సగం వంటింటి గడప ముందర నిలబడి మాటలు పడటం. ఆ మాట ఏ పుస్తకంలోనూ రాయలేదు, అందుకే నేను రాస్తున్నాను. ఆ గడప ముందర నేను నెగ్గినవి తక్కువ. నెగ్గానని లోకం చెప్పుకున్న కేసు ఒకటుంది. అది నెగ్గడమని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కాబట్టి దాని గురించే ఎక్కువగా చెబుతాను. ఎవరెప్పుడు ప్రమోషన్ ఇచ్చారు, ఎవరు ఆపారు అన్నది నాకే విసుగు, మీకెందుకు?

నిన్న మాపున ఏం తిన్నావు?

ఎల్.ఎం.పి. డాక్టరీ పరీక్ష పాసై నేను మొదట పనిచేసింది చిత్తూరులో, ఆడవాళ్ల వార్డులో. యుద్ధం రోజులు. దూది దొరికితే అయోడిన్ దొరికేది కాదు, అయోడిన్ దొరికితే దూది ఉండేది కాదు. మా పెద్ద డాక్టరు అరవదేశం ఆయన. తెలుగు బాగానే వచ్చు గానీ కోపం ఇంకా బాగా వచ్చు. నర్సుల్ని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. నన్ను 'ఏయ్, చిన్న డాక్టర్' అనేవాడు. మంచివాడు కాదు. కానీ నాకు పనికొచ్చిన పాఠం ఒకటి ఆయనే చెప్పాడు, ఆ ముక్క ఒప్పుకోవాలి.

ఒకరోజు ఎముకల గూడులాంటి మనిషి పసిబిడ్డను ఎత్తుకొచ్చింది. ఏం తింటావమ్మా అని అడిగాను.

"అన్నం తింటాం, పప్పు ఏసుకుంటాం, నెయ్యి ఏసుకుంటాం" అంది.

నేను రాసుకోబోతుంటే పెద్దాయన నా చేతిలో పెన్సిలు లాగేసుకున్నాడు.

"నెయ్యి తినే మొహమా ఇది? కళ్లు లేవా నీకు? ఏం తింటావు అని అడిగితే ఎవురైనా పండగనాడు తినేదే చెబుతారు. నిన్న మాపున ఏం తిన్నావు అని అడుగు. ఎవురు వండినారు అని అడుగు. నువ్వు తినేటప్పటికి కుండలో ఏం మిగిలింది అని అడుగు."

అడిగాను. ఆమె తల వంచుకుంది. "నిన్న రాగులు లేవమ్మా. సింతాకు ఉడకేసిన నీళ్లు తాగి పండుకుంటి" అంది.

ఆ మూడు ప్రశ్నలు మీరు కూడా నేర్చుకోండి. రోగి అబద్ధం చెప్పదు, పరువు చెబుతుంది. మన పక్క అన్నం అంటే పరువు, రాగిసంగటి అంటే ఇంటి గుట్టు. అయితే ఆ పెద్దాయన అన్నీ తెలుసుకుని, సీసాలో ఎర్రనీళ్లు పోసి పంపించేసేవాడు. "తెలిసింది కదా సార్, ఇప్పుడేం చేద్దాం?" అని ఒకసారి అడిగాను. "ఏం చేసేది? నేను పోయి వాళ్లింట్లో పొయ్యి అంటించేదా?" అని కసిరాడు. ఆయన సగం డాక్టరనే నా అభిప్రాయం. మిగతా సగం నేను అవుదామనుకున్నాను. పొయ్యి దాకా పోతే సరిపోతుందనుకున్నాను, అంత తెలివి ఉండేది అప్పుడు.

మల్లెపూవులాంటి బియ్యం

తర్వాత నన్ను ఐరాల పక్క ఒక పల్లె దవాఖానాకు వేశారు. చుట్టుపట్ల అంతా చెరుకు, శెనక్కాయ, బావుల కింద వరి. ఆ ఊళ్లో మునస్వామి నాయుడని పెద్ద రైతు. పది మందికి పని ఇచ్చేవాడు, నలుగురి తగాదా తీర్చేవాడు. ఒకనాడు పొద్దున ఎద్దులబండి నేరుగా దవాఖానా మెట్ల దగ్గరికి వచ్చి ఆగింది. బండిలోంచి దిగడానికి ఆయనకు ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది.

కాళ్లు స్తంభాల్లా వాచి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే నిలిచిపోయింది. నాలుగు అడుగులు వేస్తే రొప్పుతున్నాడు. కింద గొంతుక్కూర్చుని లేవమన్నాను. కూర్చున్నాడు గానీ లేవలేక నా బల్ల కాలు పట్టుకున్నాడు. ఊరందరినీ నిలబెట్టి మాట్లాడించే మనిషికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"దాపరికం లేకుండా సెప్పు డాక్టరమ్మా. మా సిన్నాయన గూడా ఇట్లే కాళ్లు వాచి పోయినాడు. నేనూ పోతానా?"

"నిన్న మాపున ఏం తిన్నారు నాయుడుగారూ?"

"ఏం తింటాం? అన్నం. మా ఇంట్లో మిల్లు బియ్యమే. రెండుతూర్లు పాలీషు పట్టిచ్చినేది. ఆకులో ఏస్తే మల్లిపూలు పోసినట్టుంటాది. పులుసు, అప్పళం. నాకు ఆకుకూరలు పడవు."

"సంగటి తినరా?"

ఆ మాటకు ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. తోడు వచ్చిన పాలేరు చెప్పాడు కథ. తిరపతి వియ్యంకుడు ఒకసారి భోజనానికి వచ్చి, ఆకులో రాగిముద్ద చూసి, 'దీన్ని మేము మా గొడ్లు కాసేవాడికి పెడతాం బావా' అని నవ్వాడట. ఆ రోజే నాయుడు ఇంట్లో సంగటి కెలికే కట్టెను అటక మీదికి విసిరేయించాడట. ఇక ఈ ఇంట రాగిపిండి ఉడికితే నా మీద ఒట్టు అన్నాడట. అప్పట్నుంచి రాగులన్నీ కూలివాళ్లకు కొలవడం, ఇంటికి మిల్లు బియ్యం. ఆ బియ్యం కూడా నీళ్లు తేటపడేదాకా కడిగి, గంజి వార్చి, కడుగునీళ్లూ గంజీ కుడితి తొట్టిలో పోయడం. ఇంట్లోవాళ్లకు రావాల్సిన బలం ఆ ఇంటి బర్రెలకు పోయింది. ఆ బర్రెల్ని తర్వాత చూశాను, నిగనిగలాడుతున్నాయి.

ఆయనకు వచ్చింది బెరిబెరి, అదేమిటో అర్థమయ్యేట్టు చెప్పాను. మిల్లులో పోయిన తవుడులో, పారబోసిన గంజిలో ఆయన ప్రాణం ఉందని చెప్పాను. సూదిమందు వేస్తాను, కానీ కూడు మారకపోతే మళ్లీ వాస్తాయి అన్నాను. దంపుడు బియ్యం, గంజి వార్చకుండా వండిన అన్నం, పప్పు, ఆకుకూర, రోజుకొక పూట సంగటి.

"నన్ను కూలోళ్ల కూడు తినమంటావా?"

"మీ కూలివాళ్లలో ఒక్కడికి కాళ్లు వాచినాయేమో చూపించండి."

పాలేరు గోడవైపు తిరిగి నవ్వు దాచుకున్నాడు. నాయుడు తిట్టబోయి, ఆయాసం వచ్చి ఆగిపోయాడు. భయం చాలా మంచి మందు, ఒంటికి వెంటనే పడుతుంది. నా దగ్గర ఉన్న బి విటమిను సూదిమందులో చాలా వరకు ఆయనకే వేశాను. వాపు తీసింది, గుండె కుదుటపడింది. అటక మీది కట్టె దిగింది. కొన్నాళ్లకు ఆయన నడిచి దవాఖానాకు వచ్చి, వసారాలో కూర్చున్న రోగులందరికీ ఉపన్యాసం ఇచ్చిపోయాడు.

"సంగటి తినండ్రా అప్పా! మా తాత తిన్న్యాడు, గున్న ఏనుగు మాదిరుండె. ఈ తెల్లబియ్యం ఉండాయే, ఇయ్యి ఇసం!"

విని మురిసిపోయాను. దాచుకోవడం ఎందుకు, కుర్రతనం. ఒక పెద్దరైతు మారితే ఊరు మారుతుందని లెక్క వేసుకున్నాను.

ఆ ఇంటి కోడలు

నాయుడి కొడుకు దొరస్వామి బెల్లం వ్యాపారం మీద చిత్తూరులో ఎక్కువ ఉండేవాడు. దొరస్వామి పెండ్లాం రాజమ్మ. నాయుణ్ణి చూడటానికి వాళ్లింటికి పోయినప్పుడు ఆమెను మొదటిసారి చూశాను. నిండు నెలలకు దగ్గరగా ఉంది. అరుగు మీద కూర్చుని చేట చెరుగుతోంది. నన్ను చూసి లేవబోయి గోడ పట్టుకుంది. అరికాళ్లు మంటలా అని అడిగాను. "మంటలే అమ్మా. నీళ్లలో పెట్టుకుంటే గానీ నిద్ర రాదు" అంది.

ఇది ఎన్నో కాన్పు అని అడిగాను. లోపలినుంచి అత్త చెంగమ్మ చెప్పింది.

"మూడోది. ముందర ఇద్దురు బిడ్లు పుట్టి పోయినారు. పుట్టినప్పుడు రాయి మాదిరి పుట్టినారమ్మా, మూడోనెల పడితే సాలు, ఉన్నట్టుండి ఊపిరాడక పోయినారు. బాలగ్రహం పట్టిందన్నారు. తాయెత్తులు కట్టిచ్చినాం, మొక్కులు మొక్కినాం. ఏం రాసిపెట్టుందో."

మామకు కాళ్లలో దిగిన రోగమే కోడలి పాలలోంచి బిడ్డలకు దిగింది. తల్లి ఒంట్లో సారం లేకపోతే పాలలో ఎక్కడినుంచి వస్తుంది? మూడోనెలలో బిడ్డ గుండె ఆగిపోతుంది. ఆ సంగతి అప్పుడే అక్కడే ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాను, నాయుడికి, చెంగమ్మకు, రాజమ్మకు. ఇప్పట్నుంచి ఈ పిల్లకు సంగటి పెట్టండి, కాన్పయినాక కూడా పెట్టండి, అప్పుడే ముఖ్యం అన్నాను.

"అట్లేనమ్మా, పెట్టకుండా ఏం" అంది చెంగమ్మ. నాయుడు తల ఊపాడు. కడుపుతో ఉన్నన్నాళ్లు పెట్టారు కూడా. రాజమ్మ కాళ్ల మంటలు తగ్గాయి.

కాన్పు నేనే చేశాను. మగబిడ్డ. చెంగమ్మ ఏడ్చింది, నవ్వింది, నా రెండు చేతులూ కళ్లకద్దుకుంది. దిగి వచ్చేముందు మళ్లీ చెప్పాను, ఆమె మళ్లీ అట్లేనమ్మా అంది.

పథ్యం

అమ్మాయిలూ, బాలింత పథ్యం అనేది మన పక్క ఇళ్లలో దేవుడి కంటే పెద్దది. రాగి చలవ, బిడ్డకు జలుబు చేస్తుంది. పప్పు వాతం. ఆకుకూర తింటే బిడ్డకు పచ్చగా పారుతుంది. మరి బాలింత ఏం తినాలి? పాతబియ్యం అన్నం, తెల్లగా, గంజి వార్చి. అందులో వెల్లుల్లి కారం, చుక్క నెయ్యి. ఇదంతా కోడలి మీద కక్షతో పెట్టేది అనుకుంటారు మీరు. కాదు. కక్ష అయితే నేను పోట్లాడి గెలిచేదాన్ని. ప్రేమతో పెడతారు. ఇద్దరు బిడ్డలు పోయిన ఇల్లు, మూడోవాడు మగబిడ్డ, కాబట్టి చెంగమ్మ ఎక్కడా తప్పు జరగనియ్యలేదు. ఇంట్లో మిల్లుబియ్యం మానేశారు కదా, కోడలి కోసమని ప్రత్యేకంగా చిత్తూరు మిల్లునుంచి అన్నిటికంటే తెల్ల బియ్యం తెప్పించింది.

నేను మధ్యలో ఒక కలరా పనిమీద తడ పక్కకు పోవాల్సి వచ్చింది. తిరిగి రాగానే నాయుడింటికి పోయాను. మధ్యాహ్నం భోజనాల వేళ. ఇంట్లో అందరి కంచాల్లో రాగిముద్దలు, ఆకులు ఉడికించి ఎనిపిన పులగూర. నాయుడు ముద్ద మధ్య గుంట చేసి నెయ్యి పోసుకుంటున్నాడు. రాజమ్మ వంటింట్లో ఉంది. బాలింత మూడోనెల కదా, వంట మొదలుపెట్టింది. ఆ సంగటి కెలికింది ఆమే. తన కంచంలో మాత్రం మల్లెపూలు.

నేను గడప దగ్గర నిలబడిపోయాను.

"ఏంది చెంగమ్మా ఇది? నేనేం చెప్పాను?"

"నువ్వు సెప్పినావులేమ్మా. నువ్వు సదువుకున్న్యావు, నీకు పెండ్లి లేదు, బిడ్డ లేదు. నేను నలుగుర్ని కన్న్యాను. పచ్చి బాలింతకు రాగిముద్ద పెట్టి బిడ్డను సంపుకునేదా?"

"నాయుడుగారూ, మీకు తెలుసు కదా. మీరైనా చెప్పండి."

నాయుడు ముద్ద మింగి, చెంబెత్తి నీళ్లు తాగాడు.

"ఆడోళ్ల పత్తెం సంగతి నాకేం తెలుసమ్మా? అది వాళ్లు సూసుకునేది. బిడ్డకేం, బాగుండాడు. బంగారు బిడ్డ. అసలు ఏడవనే ఏడవడు."

ఏడవడు అన్న మాట వినగానే కంచాల మధ్యలోంచి దాటుకుని ఉయ్యాల దగ్గరికి పరుగెత్తాను. బిడ్డ ఏడుస్తున్నాడు. నోరు తెరిచి, మొహం ఎర్రగా చేసుకుని, కాళ్లు చేతులు ఆడిస్తూ ఏడుస్తున్నాడు. గొంతులోంచి శబ్దం రావడం లేదు. ఈ రోగంలో పసిబిడ్డకు గొంతు పోతుంది. ఇంటిల్లిపాదీ దాన్ని చూసి బుద్ధిమంతుడు అని మెచ్చుకున్నారు. పక్కటెముకలు ఎగిసిపడుతున్నాయి. పెదాలు నీలం తిరుగుతున్నాయి.

సూదిమందు ఒక్కటి పడితే ఈ రోగంలో బిడ్డలు పూటలో తేరుకుంటారు. నా పెట్టెలో ఉంది. తీశాను. చెంగమ్మ బిడ్డను లాక్కుని రొమ్ముకు అదుముకుంది.

"సూదా? మూడు నెల్ల బిడ్డకు సూదా? నిన్ను ఇంట్లోకి రానిచ్చినందుకా?"

"నాయుడుగారూ, ఇదే మందు మీకు వేశాను. మీరు బతికారు. బిడ్డ పోతాడు, చెబుతున్నాను వినండి!"

"నేనంటే మొగోణ్ణి, తట్టుకున్న్యా. పసిగుడ్డు యాడ తట్టుకుంటాడు? దొరసామి రానీమ్మా. వాడి బిడ్డ, వాడు సెప్తే ఏద్దువు. రేపొస్తాడు."

రాజమ్మ వంటింటి గడప మీద నిలబడి ఉంది. సంగటి కట్టె చేతిలోనే ఉంది. "ఎయ్యనీ మామా" అంది. అంత చిన్నగా అంది. "నువ్వు లోపలికి పోమ్మే" అన్నాడు నాయుడు. పోయింది.

నెత్తీనోరూ కొట్టుకున్నాను. కాళ్లు పట్టుకున్నాను, నిజంగానే పట్టుకున్నాను, చెంగమ్మ కాళ్లు. చివరకు పాలేరుచేత నన్ను బయటికి పంపించారు. మర్యాదగానే పంపించారు, బండి కట్టించి.

మర్నాడు దొరస్వామి వచ్చేటప్పటికి బిడ్డ లేడు.

ఆమె అడిగింది

కర్మలన్నీ అయినాక రాజమ్మ దవాఖానాకు వచ్చింది. ఒక్కతే. అంత పెద్దింటి కోడలు ఒక్కతే నడిచి రావడం ఆ ఊళ్లో అంతకుముందు ఎవరూ చూడలేదు. బల్ల ముందు నిలబడి అడిగింది.

"నేను రోజూ సంగటి కెలికినానమ్మా. అత్త తినొద్దనింది, బిడ్డకు సలవ సేస్తాదనింది. నేను కుండ మాడు గూడా నోట్లో ఏసుకోలే, బిడ్డకేమన్నా అవుతాదేమో అని. నువ్వు సెప్పింది ఇని నేను దొంగతనంగా ఒగ ముద్ద తినుంటే, వాడు బతికుండునా?"

ఇట్లాంటప్పుడు ఏం చెప్పాలో ఎవరూ నేర్పరు. అంతా దైవం చేతిలో ఉందమ్మా అని చాలామంది అంటారు. నేను ఆమె మొహం చూసి అబద్ధం చెప్పలేకపోయాను.

"ఒక ముద్దతో కాదు. రోజూ తినుంటే ఉండును" అన్నాను.

"ముందర ఇద్దురూ?"

"వాళ్లూ ఉందురు."

ఆమె ఏడవలేదు. కొంగు బిగించుకుని వెళ్లిపోయింది. అట్లా చెప్పడం క్రూరత్వమని నా తోటివాళ్లు తర్వాత అన్నారు. అనుకోనీ. ఆ ఇంట్లో ఆమెకు నిజం తప్ప అన్నీ పెట్టారు, నేనూ అదే పని చేయాలా?

రెండేళ్లకు మళ్లీ కాన్పు. మళ్లీ నేనే. పథ్యం మొదలయ్యేనాడు చెంగమ్మ తెల్లన్నం, వెల్లుల్లి కారం తెచ్చి మంచం పక్కన పెట్టింది. రాజమ్మ కంచాన్ని పక్కకు తోసింది.

"సంగటి తే అత్తా. తేకపోతే నేనే లేసిపోయి కుండలో సెయ్యి పెడతా."

చెంగమ్మ నోరు మొదలుపెట్టింది. రాజమ్మ పైకి లేచి నిలబడింది, ఒళ్లు తూలుతున్నా నిలబడింది. గొడవ విని ముందరింట్లోంచి నాయుడు కేకేశాడు.

"ఏందే గలాట? అడిగితే పెట్టరాదా? సంగటి మంచిదే గదా!"

చెంగమ్మ పెట్టింది. ఒక్క కేక. ముగ్గురు బిడ్డల ప్రాణం ఆ మనిషి నోట్లో ఉన్న ఒక్క కేక అంత దూరంలో ఉండింది. దానికి పైసా ఖర్చు లేదు, పరువు పోలేదు, ఆయన అరుగు మీదనుంచి లేవను కూడా లేదు.

ఆ బిడ్డ నిలిచింది. ఆడబిడ్డ. ఆరునెలలప్పుడు నాయుడు మనవరాల్ని ఒళ్లో పెట్టుకుని బండిలో దవాఖానాకు తెచ్చాడు, చూపించడానికి. వెనకే రాజమ్మ. వసారా నిండా జనం.

"సూడండ్రా, సంగటి బిడ్డ! నేను సెప్తే ఎవురన్నా ఇన్న్యారా? మా కోడలు ఇనింది, పత్తెమంతా పక్కన పెట్టేసినాను, ఇదిగో! ఈ డాక్టరమ్మ నా ప్రాణం కాపాడింది, నేను నా మనవరాలి ప్రాణం కాపాడినాను."

జనం ఆహా అన్నారు. రాజమ్మ ముందుకు వచ్చింది. మామ ముందర తలెత్తని మనిషి అందరి ముందరా నిలబడి మాట్లాడింది.

"నీకు కాళ్లు వాచినప్పుడు ఒగ పొద్దులో మారిపోయింది మామా ఈ ఇంటి కూడు. ముగ్గుర్ని మట్టిలో పెట్టినాక గానీ నాకు ముద్ద రాలే."

బిడ్డను ఆయన ఒళ్లోంచి తీసుకుని బండి వైపు పోయింది. నాయుడు చుట్టూ చూసి నవ్వాడు. లేచి నా బల్ల దగ్గరికి వచ్చి, వంగి, మెల్లగా అడిగాడు.

"బిడ్డతల్లి గదమ్మా, ఏందేందో మాట్లాడతా ఉండాది. మనసు కుదురుగా లేదు దానికి. దానికేమన్నా మందుంటే ఇయ్యి."

నేను ఇవ్వలేదు. "ఆమెకు మనసు ఇప్పుడే కుదిరింది, ఇక మీరు బయటికి నడవండి నాయుడుగారూ" అని, తర్వాతి రోగిని లోపలికి పిలిచాను.